బెంగళూరులో ఉండి తెలుగు క్రిస్టియన్ రాక్ ఆల్బం చేయాలంటే

మన తెలుగు క్రిస్టియన్ పాటల్లో ఆల్బం అంటే ఎక్కువగా ఒకటే పద్ధతి నడుస్తోంది, పాట రాసినాయన ట్యూన్ ఫోన్‌లో పాడి పంపుతాడు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మ్యూజిక్ డైరెక్టర్ కీబోర్డ్ మీద ట్రాక్ ప్రోగ్రాం చేసేస్తాడు, ఫ్లూటు తబలా లైవ్ కావాలంటే చెన్నైలో వాయించేవాళ్ళని మాట్లాడుకుంటారు, సింగర్ వచ్చి ఒక పూటలో పాడేసి వెళ్ళిపోతాడు, పాట రెడీ. తప్పేం లేదు, మంచి మంచి పాటలు అలాగే వచ్చాయి. కానీ గిటార్, బాస్, డ్రమ్స్ పట్టుకుని నలుగురు కలిసి వాయించే ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్‌కి ఇది అస్సలు సరిపోదు. అక్కడ వినేవాడికి కావాల్సింది ఆ నలుగురి చేతులే. ట్రాక్ మీద గిటార్ అద్దితే అది రాక్ అవ్వదు, గిటార్ ఉన్న ట్రాక్ అవుతుంది అంతే.

ఇది ఎవరికోసం రాస్తున్నానంటే, ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి మారతహళ్ళి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పీజీల్లో ఉంటూ, వారమంతా ఆఫీసు, ఆదివారం తెలుగు సర్వీసులో వాయించడం, శనివారం జామ్ రూంలో ఇష్టమైనవి వాయించడం, ఇలా బతికే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ. ఎవరు కలిసినా మొదట అడిగేది "అన్నా ఏ స్టూడియో బాగుంటుంది" అనే. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. స్టూడియో తలుపు తీసేసరికే ఆల్బం ముప్పావు వంతు అయిపోయి ఉండాలి, మీటర్ తిరిగేది అక్కడ కాబట్టి.

ముందు ఒక ఆల్బం విప్పి చూడండి

పాటలు రాయడం మొదలుపెట్టకముందే ఒక ఆల్బం పట్టుకుని కాగితం పెన్నుతో వినండి. నన్నడిగితే స్విచ్‌ఫుట్ వాళ్ళ "ద బ్యూటిఫుల్ లెట్‌డౌన్" తీసుకోండి, శాన్ డియేగో బ్యాండ్, 2003 ఆల్బం, 11 పాటలు, ప్రొడ్యూసర్ జాన్ ఫీల్డ్స్. చర్చి ముఖం చూడని వాళ్ళు కూడా రేడియోలో విన్న పాటలు ఇందులో ఉన్నాయి, అయినా దేవుడి గురించి దాచింది ఏమీ లేదు. ప్రతి పాటకీ రాసుకోండి: గొంతు ఎన్నో సెకనుకి వస్తుంది, వెర్స్‌లో ఎన్ని గిటార్లు ఉన్నాయి కోరస్‌లో ఎన్ని అయ్యాయి, డ్రమ్స్ ఎక్కడ ఆగిపోయాయి, బాస్ ఒక్కటే ఎక్కడ మిగిలింది. రెండు మూడు పాటలకే తెలిసిపోతుంది, కోరస్ పెద్దగా వినిపించడానికి కారణం కోరస్‌లో ఏదో ఎక్కువ పెట్టడం కాదు, దానిముందు వెర్స్‌లో తీసెయ్యడం.

ఇంకో సంగతి, ఆ ఆల్బంలో "డేర్ యు టు మూవ్" కొత్త పాట కాదు, 2000లో వచ్చిన వాళ్ళ ముందు ఆల్బంలో ఉన్నదే, మళ్ళీ రికార్డ్ చేసి పెట్టారు. కాబట్టి మీరు మూడేళ్ళ క్రితం యూట్యూబ్‌లో పెట్టి వదిలేసిన పాట బాగుంటే దాన్ని మళ్ళీ చేయడానికి సిగ్గు పడక్కర్లేదు. పాట పాతదైతే ఏంటి, ఇప్పుడు చేయి తిరిగింది కదా.

డ్రమ్మర్ లేడా? జార్స్ ఆఫ్ క్లే మొదటి ఆల్బం వినండి, 1995. అకౌస్టిక్ గిటార్లు, వాటికింద డ్రమ్ లూప్‌లు, అక్కడక్కడా తీగ వాద్యాలు. "ఫ్లడ్" అనే పాట ఆల్టర్నేటివ్ రేడియోలో మామూలు జనం దాకా వెళ్ళింది, దాన్ని ప్రొడ్యూస్ చేసింది కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బ్యాండ్‌లో వాయించిన ఏడ్రియన్ బెల్యూ. డ్రమ్మర్ లేని లోటుని దాచకుండా అదే వాళ్ళ సౌండ్ చేసుకున్నారు. పీఓడీ వాళ్ళ "శాటిలైట్" కూడా వినండి, అది సరిగ్గా 2001 సెప్టెంబర్ 11న రిలీజ్ అయింది. అందులో "యూత్ ఆఫ్ ద నేషన్" కోరస్‌లో పిల్లల చేత పాడించారు, మన సండే స్కూల్ పిల్లలు గుర్తొస్తారు ఎవరికైనా. ఈ ఐడియా ఉంచుకోండి, పనికొస్తుంది.

పాటలు రాయడం

ఆల్బం అంటే ఎనిమిది పాటలు ఒక ఫోల్డర్‌లో వేయడం కాదు, ఎనిమిది పాటలూ ఒకే సంగతి చుట్టూ తిరగాలి. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "ఊరు వదిలి వచ్చాక విశ్వాసం ఏమైంది", "ప్రార్థనకి జవాబు రాని సంవత్సరం", "నాన్న దేవుడు, నా దేవుడు", ఇలా ఏదో ఒకటి. బెంగళూరులో బతికే మనకి రాయడానికి తక్కువేం లేదు, నైట్ షిఫ్టు, అప్రైజల్, సిల్క్ బోర్డ్ దగ్గర ఆగిపోయిన క్యాబ్‌లో ఇంటినుంచి వచ్చిన ఫోను, ఇవన్నీ పాటలే. కానీ మనవాళ్ళు పెన్ను పట్టుకోగానే "స్తుతియింతును, ఘనపరతును" అని మొదలుపెడతారు. ఆ భాష అందమైనదే, కాకపోతే డిస్టార్షన్ గిటార్ మీద అది అరువు తెచ్చుకున్న కోటులా ఉంటుంది. మీరు ఒంటరిగా గదిలో దేవుడితో ఎలా మాట్లాడతారో అలా రాయండి.

అనుమానం, కోపం, ఏడుపు పాటలో పెడితే పాస్టర్ గారు ఏమంటారో అని భయపడేవాళ్ళు చాలామంది. కీర్తనల గ్రంథం తీసి 13వ కీర్తన చదవండి, ఎన్నాళ్ళు మరిచిపోతావని దేవుణ్ణే అడుగుతాడు. 88వ కీర్తన ఇంకా ఘోరం, చీకట్లో మొదలై చీకట్లోనే అయిపోతుంది, ఆఖర్న ఓదార్పు లైను కూడా ఉండదు. బైబిల్లో దానికి చోటు ఉన్నప్పుడు మీ ఆల్బంలో ఒక పాటకి ఎందుకు ఉండకూడదు? అన్ని పాటలూ చివరి చరణానికి హల్లెలూయ దగ్గరికి పరిగెత్తాల్సిన పనిలేదు, నాకైతే అలా పరిగెత్తే పాటలు నమ్మబుద్ధి కాదు. అయినా సాహిత్యం మొత్తం టైప్ చేసి రికార్డింగ్‌కి ముందే అయ్యగారికి ఒక కాపీ ఇవ్వండి, పర్మిషన్ కోసమనే కాదు, వాక్యం తప్పుగా వాడి ఉంటే ఆయన పట్టుకుంటారు, ఆల్బం వచ్చాక తెలిస్తే మార్చలేం.

ఇప్పుడు తెలుగుతో వచ్చే అసలు కష్టం. రాక్ రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క, గట్టిగా కొట్టి టక్కున ఆగుతుంది, మన మాటలేమో చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, లైను చివర గొంతు సాగుతూనే ఉంటుంది, గిటార్ ఆగినా పాట ఆగదు. దీనికి రెండు మందులు. ఒకటి, లైను చివరి మాట డౌన్‌బీట్ మీద కాకుండా కొంచెం ముందే పడేలా రాసి తోక రిఫ్ కిందకి పోనివ్వడం. రెండోది ద్విత్వాలు, ఒత్తులు ఉన్న మాటలు వెతుక్కోవడం. మట్టి, నిప్పు, రక్తం, ఎప్పుడు, ఒక్కడే, ఇలాంటి మాటల్లో ఒత్తు సరిగ్గా స్నేర్ డ్రమ్ మీద పడితే ఇంగ్లీషు రాక్‌కి ఏమాత్రం తీసిపోదు. ఇంకా జాగ్రత్త పడాల్సింది హ్రస్వాలు సాగదీయడం దగ్గర, "పడి లేచాను" అని రాసుకున్నది నాలుగు బీట్లు లాగితే "పాడి లేచాను" అని వినిపిస్తుంది, జనం నవ్వుతారు. పొడుగు నోట్ల దగ్గర దీర్ఘం ఉన్న మాటే పెట్టండి.

పాత కీర్తన ఒకటి రాక్‌లో చేయాలనే కోరిక ప్రతి బ్యాండ్‌కీ ఉంటుంది, ఉండాలి కూడా. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారివి చూడండి, ఆయన 1890లో పోయారు, మన దేశంలో రచన మీద కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ళ వరకే కాబట్టి ఆ సాహిత్యానికి ఇబ్బంది లేదు. కానీ ట్యూన్ వేరే లెక్క, మీరు విన్న ట్యూన్ ఈమధ్య ఎవరో కట్టింది అయ్యుండొచ్చు, కనుక్కోండి, లేదా మీరే కొత్తగా కట్టండి. ఇప్పుడున్న పాస్టర్ల పాటలు, మినిస్ట్రీల పాటలు అయితే రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలి, "అన్న మనకి తెలిసినాయనే" అంటే చాలదు. కొత్త బైబిల్ అనువాదాల్లోని వచనాలు లైనుకి లైను వాడినా అంతే, వాటికి హక్కుదారులు ఉంటారు.

రికార్డింగ్‌కి ముందు

జామ్ రూంలో ప్రతి పాటా ఫోన్‌లో రికార్డ్ చేసి మర్నాడు ఆఫీసుకి వెళ్తూ వినండి, అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ ఉండనే ఉంది, ఆల్బం మొత్తం వినేంత టైం దొరుకుతుంది. విన్నప్పుడు ఎక్కడ ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకున్నారో అక్కడ పాట బోరు కొట్టినట్టు. ఆ చోటు కోసేయండి. ఐదున్నర నిమిషాల పాట నాలుగుకి వస్తే దానికి ఊపిరి వస్తుంది.

మన చర్చి బ్యాండ్లలో ఒక పెద్ద సమస్య కీబోర్డ్. కీబోర్డ్ తమ్ముడు మంచోడే, కాని ఆదివారం సర్వీసులో బాస్ లేకపోతే ఎడమ చేత్తో బాస్ తనే వాయిస్తాడు, ప్యాడ్ సౌండ్ పెట్టి ఖాళీ అన్నది లేకుండా నింపుతాడు, పాస్టర్ గారు ప్రార్థన చేసేటప్పుడు వెనకాల కూడా తనే. అదే అలవాటుతో రాక్ పాటలోకి వస్తే గిటార్‌కి చోటు ఉండదు, బాస్ గిటార్ కింద ఇంకో బాస్ మోగుతుంటుంది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమని చెప్పండి, నిజంగా. పాటకి ఒక్క లైను, ఒక్క సౌండ్ ఇవ్వండి, అది ఆర్గనో, పాత పియానోనో, ఏదో ఒకటి, మిగతాచోట్ల మౌనం. అలాగే ఆక్టాప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ మీద పెరిగిన డ్రమ్మర్లు రికార్డింగ్‌కి కనీసం నెల ముందు నుంచి అసలు డ్రమ్ కిట్ మీద వాయించాలి, ప్యాడ్ మీద ఎంత మెల్లగా కొట్టినా సౌండ్ నిండుగా వస్తుంది, తోలు మీద అలా రాదు.

టెంపో తేల్చుకోండి, క్లిక్, అంటే చెవిలో టిక్ టిక్ అని తాళం చూపే సౌండ్, వేసుకుని వాయించడం అలవాటు చేసుకోండి. పాట మొత్తం ఒకే స్పీడ్ ఉండాలని రూల్ లేదు, కోరస్‌లో రెండు బీపీఎం (నిమిషానికి రెండు బీట్లు) పెంచితే ఎవరికీ తెలీకుండా ఊపు వస్తుంది, క్లిక్ ఫైల్‌లోనే ఆ మార్పు పెట్టేయండి. శ్రుతి సంగతి, సర్వీసులో అందరూ పాడాలని కిందకి పెట్టిన స్కేల్ ఆల్బంకి పనికిరాకపోవచ్చు, సింగర్ గొంతు కొంచెం కష్టపడే చోటే రాక్ గొంతు పలుకుతుంది. గిటార్ డ్రాప్ డీ (లావు తీగ ఒక్కటే ఒక స్వరం కిందకి) పెడుతున్నారా, అన్ని తీగలూ అర స్వరం కిందకా, బ్యాండ్ అంతా ముందే అనుకోండి, స్టూడియోలో గంటకి డబ్బు కడుతూ ఆ చర్చ పెట్టుకోకూడదు.

డబ్బు, హక్కులు, అలకలు

ఇది ఎవరూ మాట్లాడరు, అందుకే బ్యాండ్లు విడిపోతాయి. ఒక పేజీ కాగితం చాలు: ఏ పాటకి సాహిత్యం ఎవరిది, ట్యూన్ ఎవరిది, రికార్డింగ్ ఎవరిది, డబ్బు ఎవరు పెట్టారు, వస్తే ఎలా పంచుకుంటారు, బ్యాండ్ పేరు ఎవరిది, డ్రమ్మర్ ఆన్‌సైట్ వెళ్ళిపోతే అతని వాటా ఏమవుతుంది. చర్చి గానీ ఎవరైనా పెద్దాయన గానీ డబ్బు పెడుతుంటే అది కానుకా, అప్పా, పెట్టుబడా అన్నది ఆ రోజే అడిగి రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కి యజమాని దాన్ని చేయించే బాధ్యత తీసుకున్న ప్రొడ్యూసర్, పాడినవాళ్ళు వాయించినవాళ్ళు కాదు, కాబట్టి "ప్రొడ్యూసర్" అని ఎవరి పేరు వేస్తున్నారో గౌరవం కోసం వేయకండి, చూసి వేయండి. మాస్టర్ రికార్డింగ్ తమ చేతిలో లేని బ్యాండ్లు పాత పాటల్ని మళ్ళీ మొత్తం రికార్డ్ చేసుకోవడం మామూలే. స్విచ్‌ఫుట్ వాళ్ళు కూడా పైన చెప్పిన ఆల్బంని 20 ఏళ్ళకి, 2023లో, "అవర్ వెర్షన్" అని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ వాయించి విడుదల చేశారు.

డబ్బు లేకపోతే జనాన్నే అడగొచ్చు. థౌజండ్ ఫుట్ క్రచ్ అనే కెనడా బ్యాండ్ లేబుల్ నుంచి బయటికొచ్చి 2012 ఆల్బంకి కిక్‌స్టార్టర్‌లో అభిమానుల దగ్గర డబ్బు పోగుచేసుకుంది. మనకి వాట్సాప్ గ్రూపు, యూపీఐ చాలు, కాకపోతే ఎవరు ఎంత ఇచ్చారో షీట్ అందరికీ కనిపించేలా పెట్టండి, చర్చి డబ్బు విషయంలో నోళ్ళు ఊరికే ఉండవు. ఉన్న డబ్బుని నేనైతే ఇలా పంచుతా: సగానికి దగ్గరగా డ్రమ్స్ రికార్డింగ్‌కి, మిక్సింగ్‌కి, తర్వాత మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటలకి విడుదల ముందు చేసే చివరి మెరుగు), కవర్ ఆర్ట్, మిగిలితే వీడియో. మనవాళ్ళు దీన్ని తిరగేసి డ్రోన్ షాట్లతో వీడియోకి ముప్పావు పెడతారు, ఆడియో వినలేం.

ఎక్కడ ఏది రికార్డ్ చేయాలి

బెంగళూరు మనకి కలిసొచ్చే చోటు ఇదే. ఈ ఊర్లో రాక్ వినే జనం ఎప్పట్నుంచో ఉన్నారు, 2007లో ఐరన్ మెయిడెన్ వచ్చి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించి వెళ్ళింది, కాబట్టి అసలు డ్రమ్ కిట్‌కి మైకులు పెట్టడం తెలిసిన ఇంజినీర్లు ఇక్కడ దొరుకుతారు. స్టూడియో ఎంచుకునేటప్పుడు సోఫాలు, లైట్లు చూడకండి. వాళ్ళు రికార్డ్ చేసిన ఏదైనా రాక్ పాట డ్రమ్స్ ఒక్కటే వేసి వినిపించమనండి. రూం ఎంత ఎత్తు ఉంది, ఒకేసారి ఎన్ని మైకులు తీసుకోగలరు, కరెంటు పోతే బ్యాకప్ ఎంతసేపు ఆగుతుంది, సెటప్‌కి పట్టే టైం బిల్లులో కలుపుతారా, ఇవి అడగండి. ఇంజినీర్‌కి తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, పల్లవి ఎక్కడ చరణం ఎక్కడ అని నిమిషాలు సెకన్లతో కాగితం ఇస్తే సరిపోతుంది.

నా సలహా, డ్రమ్స్ మాత్రం స్టూడియోలో, బాస్, గిటార్ ఇంట్లో, గొంతు ఎక్కడ నిశ్శబ్దం దొరికితే అక్కడ. ఇంట్లో పనికి రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. కేబుళ్ళు, కనెక్టర్లు ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి, కొనేముందు అక్కడే లాగి చూసి తీసుకోండి. అన్నీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి, ఒకరు 44.1లో ఒకరు 48లో చేస్తే తర్వాత గోల.

డ్రమ్స్

ఇక్కడ తొందర పడకండి. కొత్త హెడ్స్ వేయించండి, ముందు రోజు రాత్రే ట్యూన్ చేయండి, పాటకి పాటకి మధ్య స్నేర్ మళ్ళీ చూసుకోండి. రోజుకి నాలుగు పాటలు అనుకుంటే సుఖంగా అవుతుంది, అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే సాయంత్రం డ్రమ్మర్ చేతులు బరువెక్కి టెంపో కింద కూర్చుంటుంది. అందరూ చేసే ఒక పని, సింబల్స్ బాదడం, డ్రమ్స్ మెల్లగా కొట్టడం. రికార్డింగ్‌కి అది తిరగబడాలి, డ్రమ్ గట్టిగా, సింబల్ మెల్లగా, లేకపోతే ప్రతి మైకులోనూ సింబలే నిండిపోయి మిక్స్‌లో ఏం చేయలేం.

మైకులు తక్కువుంటే గ్లిన్ జాన్స్ పద్ధతి అడగండి, ఇంజినీర్‌కి తెలిసే ఉంటుంది. ఒకటి స్నేర్ పైన, ఒకటి ఫ్లోర్ టామ్ పక్కన స్నేర్ వైపు చూస్తూ, ఇవి రెండూ స్నేర్ నుంచి ఒకే దూరంలో ఉండాలి, టేపో తాడో పెట్టి కొలవాలి, దూరం తేడా వస్తే ఫేజ్ పోయి, అంటే రెండు మైకుల సౌండ్ ఒకదాన్నొకటి తినేసి, స్నేర్ పల్చబడుతుంది. కిక్‌కి ఒకటి, స్నేర్ దగ్గర ఒకటి. నాలుగు మైకులతో నిండైన కిట్ వస్తుంది. అదనంగా గదిలో దూరంగా ఒక రూం మైక్ పెట్టమనండి, ఆల్టర్నేటివ్ రాక్‌లో కోరస్ విశాలంగా వినిపించేది ఎక్కువగా దానివల్లే.

డ్రమ్మర్ ఒక్కణ్ణే క్లిక్‌తో కూర్చోబెట్టకండి. బాస్ తర్వాత ఇంట్లో మళ్ళీ తీసుకున్నా సరే, ఇక్కడ డీఐలో (యాంప్, మైక్ లేకుండా నేరుగా వైరుతో) పక్కనే లైవ్ వాయించాలి, గిటార్ రఫ్‌గా, సింగర్ రఫ్‌గా పాడాలి, మొహాలు కనపడాలి. ట్రాక్ పద్ధతికీ బ్యాండ్ పద్ధతికీ తేడా అంతా ఈ గంటల్లోనే ఉంది. ఒక్కో పాటకి పూర్తి టేకులు మూడో నాలుగో తీసుకుని మంచిది ఎంచుకోండి, ముక్కలు ముక్కలుగా అతికించే అలవాటు వద్దు. చిన్న తడబాటు ఉన్నా ఊపు ఉన్న టేకే తీసుకోండి.

గిటార్, బాస్, గొంతు

బాస్ పెద్ద కథ కాదు, కొత్త తీగలు, డీఐ, కిక్‌తో కలిసి పడుతోందా లేదా, అంతే.

గిటార్‌లో అందరూ డిస్టార్షన్ ఎక్కువ పెడతారు. గదిలో ఒక్కడే వాయిస్తున్నప్పుడు బాగుంటుంది, రెండు మూడు గిటార్లు కలిసేసరికి బురద అయిపోతుంది. మీకు సరిపోయిందనుకున్న గెయిన్ కంటే ఒక మెట్టు తగ్గించండి, బరువు డబుల్ ట్రాకింగ్‌లో వస్తుంది, అంటే అదే పార్ట్ రెండుసార్లు వేరువేరుగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి ఒకటి కుడికి పెట్టడం. ఒక టేకునే కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది స్టీరియో అవ్వదు, మధ్యలో ఒకటే మోగుతుంది. యాంప్ ఉంటే ఎస్ఎం 57 లాంటి డైనమిక్ మైక్ గ్రిల్ దగ్గర, కోన్ మధ్య నుంచి కొంచెం పక్కకి. యాంప్ సిమ్ (యాంప్ సౌండ్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడుతున్నా నామోషీ ఏం లేదు, కానీ శుభ్రమైన డీఐ సిగ్నల్ కూడా తప్పకుండా దాచుకోండి, మిక్సింగ్ టైంలో సౌండ్ నచ్చకపోతే మళ్ళీ వాయించకుండా మార్చుకోవచ్చు. గుయ్‌మని 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ముందు లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, తర్వాత ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, పాత బిల్డింగుల పీజీల్లో చాలాసార్లు ఉండదు. ప్రతి టేకుకీ ట్యూన్ చేయండి, ఇంటొనేషన్ (గిటార్ మెడ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి సరిగ్గా ఉండటం) ముందే సెట్ చేయించండి.

గొంతు దగ్గర గోడకి కోడిగుడ్ల అట్టలు అంటించే పిచ్చి ఇంకా పోలేదు మనవాళ్ళకి. అవి బయటి చప్పుడు ఆపవు, లోపల ఎకో కూడా సరిగ్గా తీయవు. థర్మకోల్ కూడా అంతే. బట్టలతో నిండిన బీరువా తలుపులు తీసి, పాడేవాడి వెనక పరుపు నిలబెట్టి, పక్కల రెండు రజాయిలు వేలాడదీస్తే వాటికంటే ఎంతో మేలు. కాస్త ఖర్చు పెట్టగలిగితే రాక్‌వూల్ ప్యానెల్స్, 50 మిల్లీమీటర్లవి, 100 అయితే ఇంకా మంచిది. బయట చప్పుడు ఉండే ఇంట్లో కండెన్సర్ మైక్ వద్దు, కుక్కర్ విజిల్, వాటర్ ట్యాంకర్, పక్క పీజీలో గొడవ అన్నీ పట్టుకుంటుంది, డైనమిక్ మైక్ దగ్గరగా పెట్టి పాడండి. మారతహళ్ళి, మురుగేశ్‌పాళ్య వైపు వాళ్ళకి హెచ్ఏఎల్ విమానాలు ఎలాగూ తెలుసు. గణేష్ సీజన్, నవంబర్‌లో రాజ్యోత్సవ రోజుల్లో గొంతు రికార్డింగ్ పెట్టుకోకండి, వీధిలో ఆర్కెస్ట్రా మొదలైతే మీ ఆల్బంలో కన్నడ పాటలు కూడా వస్తాయి.

మెల్లగా పాడే పాటలు ఇంట్లో చేయొచ్చు కాని గట్టిగా అరిచే కోరస్‌లు అపార్ట్‌మెంట్లో పాడలేరు, పాడినా పక్కింటివాళ్ళ భయంతో గొంతు సగమే వస్తుంది, అది రికార్డింగ్‌లో తెలుస్తుంది. వాటికి స్టూడియోలో ఒక పూట తీసుకోండి. సండే స్కూల్ పిల్లల కోరస్ మాత్రం చర్చి హాల్లోనే, సర్వీస్ అయ్యాక, ఫ్యాన్లు ఆపి, అందరినీ ఒక మైకు చుట్టూ నిలబెట్టి, ఎకోతో సహా తీసుకోండి. ఆ గది సౌండే దానికి అందం. పిల్లల అమ్మానాన్నలకి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి.

పిచ్ కరెక్షన్ తక్కువ వాడండి. సాఫీగా ఇస్త్రీ చేసిన గొంతు వినాలంటే జనానికి వేరే ఆల్బంలు ఉన్నాయి.

మిక్సింగ్, మాస్టరింగ్

మిక్స్ చేసేవాళ్ళకి ఫైళ్ళన్నీ వేవ్ ఫార్మాట్‌లో, అన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా, పేర్లు అర్థమయ్యేలా, టెంపో రాసి పంపండి. "ఆడియో 17 ఫైనల్ కొత్తది" అనే ఫైలు చూస్తే ఎవరికైనా తిక్క రేగుతుంది. రిఫరెన్స్‌గా రెండు మూడు పాటలు చెప్పండి. కరెక్షన్లు బ్యాండ్ తరఫున ఒక్కరే చెప్పాలి, నిమిషం సెకనుతో, లేకపోతే గిటార్ తమ్ముడు గిటార్ పెంచమంటాడు, బాస్ తమ్ముడు బాస్ పెంచమంటాడు, అన్నీ పెరిగాక సింగర్ వినిపించడు. ఫోన్ స్పీకర్‌లో, కారులో, చర్చి సౌండ్ సిస్టమ్‌లో మూడింట్లోనూ విని అప్పుడు ఓకే చెప్పండి.

మాస్టరింగ్ వేరే మనిషికి ఇవ్వండి, కొత్త చెవులు కావాలి. సౌండ్ ఎంత పెద్దగా ఉండాలని కొట్టుకోకండి, స్పాటిఫైలాంటివి అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వేస్తాయి, మీరు నలిపి నలిపి పెద్దది చేసినా అక్కడ తగ్గించేస్తారు, నలిగిన డ్రమ్స్ మాత్రం నలిగినట్టే ఉంటాయి. ట్రూ పీక్, అంటే సౌండ్ అన్నిటికంటే పైకి వెళ్ళే చోటు, మైనస్ 1 డీబీ దాటనివ్వకండి. పాటల వరస కూడా మాస్టరింగ్ ఇంజినీర్‌కి ముందే ఇవ్వాలి, ఏ పాటకీ ఏ పాటకీ మధ్య ఎంత ఖాళీ అన్నది కూడా. చీకటి పాట ఆల్బం మధ్యలో దాచకండి, చివరి నుంచి రెండోది పెట్టండి, దాని తర్వాత వచ్చే పాటకి విలువ తెలుస్తుంది.

విడుదల

పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ కంపెనీ ద్వారా ఆల్బం అన్ని యాప్‌లకీ వెళ్తుంది, ప్రతి పాటకీ ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ వాళ్ళే ఇస్తారు. రిలీజ్ డేట్‌కి నెల ముందే అప్‌లోడ్ చేసేయండి, స్పాటిఫై ప్లేలిస్ట్ వాళ్ళకి పాట చూపించాలంటే కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. సాహిత్యం, ట్యూన్ చేసినవాళ్ళు రచయితలకి, సంగీతకర్తలకి రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యులుగా చేరి పాటలు రిజిస్టర్ చేసుకోండి, వాళ్ళ రాయల్టీ వేరే దారిలో వస్తుంది. రెడీమేడ్ లూప్‌లు వాడిన పాటకి యూట్యూబ్ కంటెంట్ ఐడీ (మీ పాట ఎవరి వీడియోలో ఉందో దానంతటదే పట్టే ఏర్పాటు) ఆన్ చేయకండి, అదే లూప్ వాడిన ఇంకో చర్చి వాళ్ళ వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది, అనవసరంగా తగాదా.

పేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకే స్పెల్లింగ్ అన్నిచోట్లా వాడండి, లేకపోతే మీ బ్యాండ్ రెండు బ్యాండ్లు అయిపోతుంది యాప్‌లో. భాష తెలుగు అనే పెట్టండి, జానర్‌లో రెండు ఇవ్వొచ్చంటే క్రిస్టియన్ ఒకటి, ఆల్టర్నేటివ్ ఒకటి.

ఊర్లో ఉన్న అమ్మానాన్నలకీ, కారులో వినే పెద్దమ్మలకీ పెన్‌డ్రైవ్ ఇంకా కావాలి, మీటింగుల దగ్గర కూడా అదే అడుగుతారు. ఎఫ్ఏటీ32 ఫార్మాట్ చేసి, 320 కేబీపీఎస్ ఎంపీ3లు వేసి, ఫైలు పేరు ముందు 01, 02 అని నంబర్లు పెట్టండి, చాలా కారు స్టీరియోలు పేరు వరసలోనే వాయిస్తాయి, నంబర్ లేకపోతే మీరు అంత ఆలోచించి పెట్టిన వరస పోయి ఎనిమిదో పాట ముందు మోగుతుంది.